ఫోన్‌లో దుకాణం: ముందు లెక్క, తరువాత సరుకు

(షోలాపూరులో జరిగిన కార్మిక కుటుంబాల సమావేశంలో మన యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)

సోదర కార్మికులారా, బీడీల పని ముగించుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళారా!

యూనియన్ ఆఫీసులో వ్యాపారం గురించి మీటింగు ఏమిటని కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మనం పగారు కోసం, బోనసు కోసం, ప్రావిడెంట్ ఫండ్ కోసం కొట్లాడేవాళ్ళం. ఆ కొట్లాట ఆగలేదు, ఆగదు. కాని మన గల్లీల్లో ఏం జరుగుతున్నదో కూడా మనమే చూడాలి. పని పోయి, గ్రాట్యుటీ డబ్బు చేతికొచ్చిన కార్మికుని ఇంటికి మొదట వచ్చేది చుట్టాలు కాదు, ఏజెంట్లు. "ఫోన్‌లో దుకాణం పెట్టండి, ఇంట్లో కూర్చుని సంపాదించండి" అంటారు. మన పిల్లలు కొందరు ఇప్పటికే చద్దర్ల ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడుతున్నారు. కొందరికి నాలుగు రూపాయలు మిగులుతున్నాయి, కొందరికి ఇంటినిండా అమ్ముడుపోని సరుకు మిగులుతున్నది. ఈ రెండింటికీ తేడా ఎక్కడ వస్తున్నదో చెప్పుకోవడానికే ఈ మీటింగు.

మన పెద్దలు తెలంగాణ పల్లెల నుండి మగ్గం విద్య చేతపట్టుకుని ఈ ఊరికి వచ్చారు. ఇక్కడ మొదటి బట్టల మిల్లు 1877లో నడవడం మొదలైంది. ఆ తరువాత ఎన్నో మిల్లులు వచ్చాయి, ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. సాంచాలు మిగిలాయి. షోలాపూర్ చద్దరు పేరు మాత్రం తెలుగు ఊళ్ళన్నింటిలో నిలిచే ఉంది. పెళ్ళి పెట్టుబడుల్లో షోలాపూర్ దుప్పటి పెడితే ఆ ఇంటికి మర్యాద. ఆ పేరు నిలబెట్టింది మన చేతులే. ఆ పేరు మీద వచ్చే లాభంలో మన వాటా ఎంత అన్నదే ఎప్పటి నుంచో ఉన్న ప్రశ్న. ఫోన్ వచ్చింది కాబట్టి దళారి పోయాడని సంబరపడవద్దు. పాత దళారి పోయిన చోట కొత్త దళారి కూర్చుంటాడు. వాడికి ముఖం ఉండదు, అంతే తేడా.

ఒక చద్దరు లెక్క

రేట్లు రోజుకొక తీరుగా ఉంటాయి కనుక ఇది లెక్క నేర్చుకోవడానికి చెప్పే ఉదాహరణ మాత్రమే. మీ రేట్లు వేసుకుని ఇదే పద్ధతిలో రాయండి.

కారఖానా నుండి ఒక చద్దరు పన్నుతో కలిపి 400 రూపాయలకు తెచ్చామనుకుందాం. పెద్ద కంపెనీ వారి యాప్‌లో 650కి పెట్టాం. చూడగానే 250 లాభం అనిపిస్తుంది. ఇప్పుడు ఖర్చు రాద్దాం. సంచి, టేపు, చీటీ 20 రూపాయలు. బరువైన సరుకు కాబట్టి రవాణా 90. కంపెనీ కమీషను వందకు పది చొప్పున 65. మనం కొన్నప్పుడు కట్టిన పన్ను పోగా ఇంకా కట్టవలసిన జీఎస్టీ 12. మొత్తం 587. మిగిలింది 63 రూపాయలు.

అయిపోలేదు. తిరిగి వచ్చే సరుకు సంగతి ఉంది. బీడీలు చుట్టే అక్కలకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. గుమాస్తా బీడీలు చూసి పనికిరానివని పక్కన పడేస్తే నష్టం ఎవరిదో వారికి తెలుసు. ఇక్కడ కూడా అంతే. రంగు నచ్చలేదని ఒకరు, సరుకు వచ్చే వేళకు డబ్బు లేదని ఒకరు వెనక్కి పంపుతారు. పది చద్దర్లలో రెండు తిరిగి వస్తే, ఒక్కొక్కదానికి పోను రాను 180, సంచికి 20, రెండింటికీ కలిపి 400 రూపాయలు. అది అమ్ముడుపోయిన ఎనిమిదింటి మీద పడుతుంది, అంటే చద్దరుకు 50. కొన్ని కంపెనీలు ఇందులో కొంత తాము భరిస్తాయి, కొన్ని అంతా మన మీదే వేస్తాయి. ఆ షరతు చదవకుండా సంతకం పెట్టకూడదు. ఇప్పుడు మిగిలింది 63లో 50 పోను 13 రూపాయలు.

ఆ చద్దరుకు ఫోటో తీసి, అడిగిన వారికి జవాబు చెప్పి, మడత పెట్టి, కట్టి, పంపేసరికి అరగంట అయింది. అరగంట పనికి 13 రూపాయలు. ఈ పగారు ఏ సేటు ఇచ్చినా మనం గేటు దగ్గర జెండా పట్టుకుని నిలబడేవాళ్ళం. మన ఇంట్లో మనమే ఇస్తే మాత్రం దాన్ని లాభం అంటున్నాం!

కనుక మా మొదటి మాట ఇది. లెక్క పుస్తకంలో "కూలి" అని ఒక గీత ఉండాలి. ఇంటామె కట్టినా, బిడ్డ కాలేజీ నుండి వచ్చి ఫోటో తీసినా గంటకు ఇంత అని ఆ గీతలో రాయాలి. ఆ కూలి తీసిన తరువాత మిగిలితేనే లాభం. రాయకపోతే మన ఆడవాళ్ళ శ్రమను, పిల్లల చదువును తిని బతికే వ్యాపారం అవుతుంది. సేటును ప్రశ్నించే నోరు మన ఇంటి లెక్కను కూడా ప్రశ్నించాలి.

లెక్క ఎలా మారుతుంది?

అదే చద్దరును తెలిసినవారికి నేరుగా అమ్మి చూద్దాం. ఒక పార్శిల్‌లో రెండు చద్దర్లు, 1300 రూపాయలు, డబ్బు ముందుగా యూపీఐలో. సరుకు 800, సంచి 30, రవాణా 150, పన్ను తేడా 24. మొత్తం 1004. మిగిలింది 296. ముందే డబ్బు కట్టినవారు ఊరికే తిప్పి పంపరు. ఇరవై పార్శిళ్ళలో ఒకటి తిరిగి వచ్చిందనుకున్నా, మిగిలిన పంతొమ్మిదింటి మీద పార్శిలుకు 20 రూపాయల లోపే పడుతుంది. ఇక్కడ కూలి గీతలో రాయడానికి చోటు ఉంది.

అయితే ఈ దారిలో గిరాకీని మనమే వెతకాలి. మనకు ఉన్న ఆస్తి చుట్టరికం. కరీంనగర్, వరంగల్, హైదరాబాద్, ముంబయి, భివండి, ఎక్కడ చూసినా మనవాళ్ళున్నారు. ఒక పుస్తకంలో వారి పేర్లు, ఎవరింట్లో ఎప్పుడు పెళ్ళి, ఎవరు ఏ సైజు కొన్నారు అని రాసి పెట్టుకోండి. ఒకసారి కొన్నవారికి రెండోసారి అమ్మడం, కొత్తవారికి అమ్మడం కంటే సులువు. చద్దర్లకు చలికాలం, పెళ్ళిళ్ళ కాలం గిరాకీ. తువ్వాలలు సంవత్సరమంతా పోతాయి, బరువు తక్కువ, పంపడం సులువు. లాడ్జీలు, హాస్టళ్ళు, ఆసుపత్రులు ఒకేసారి యాభై, వంద తీసుకుంటాయి. ఒక హాస్టలు వార్డెను పరిచయం నెల రోజుల ఫోటోలకంటే మేలు చేయవచ్చు.

పెద్ద కంపెనీల యాప్‌లు అసలు వద్దని మేము అనడం లేదు. కొత్త గిరాకీ దొరకడానికి అవీ ఒక దారి. కాని కమీషను, తిరుగు సరుకు ఖర్చు, డబ్బు ఎన్ని రోజులకు చేతికొస్తుంది, ఈ మూడూ తెలుసుకుని దిగాలి. ఒక్క యాప్ మీదే బతకకూడదు. రేపు వారు నిబంధన మారిస్తే మన దుకాణం ఒక్క రాత్రిలో మూతపడుతుంది. మిల్లు గేటు మీద నోటీసు చూసినవాళ్ళకు ఆ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

సరుకు గురించి నిజం చెప్పండి

తిరిగి వచ్చే సరుకు తగ్గాలంటే ఒకటే మందు, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. పొడవు, వెడల్పు అంగుళాల్లో రాయండి. బరువు గ్రాముల్లో తూచి రాయండి. పూర్తి నూలా, కలిపిన దారమా రాయండి. ఫోటో పగటి వెలుతురులో, గుమ్మం దగ్గర తీయండి. రాత్రి బల్బు కింద తీస్తే ఎరుపు వేరే రంగుగా కనిపిస్తుంది. అంచు, కుట్టు, వెనుక వైపు కూడా చూపండి. మొదటి ఉతుకులో రంగు దిగేదైతే విడిగా ఉతకమని చీటీ పెట్టండి. నేతలో లోపం కొనేవారి కంటే ముందు మన కంటికి కనపడుతుంది. అటువంటి చద్దరును పార్శిలు కట్టకండి.

సాంచా మీద నేసినదాన్ని చేనేత అని అమ్మకండి. అది మన చేనేత అన్నల నోటి దగ్గర కూడు తీయడం. అలాగే షోలాపూర్ చద్దరుకు, షోలాపూర్ టెర్రీ తువ్వాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఇంకో ఊరిలో తయారైన సరుకు తెచ్చి షోలాపూర్ పేరు మీద అమ్మడం నేరం, మన ఊరి సాంచాకు ద్రోహం కూడా. ఈ పేరు మనకున్న పెట్టుబడి. దాన్ని మనమే పాడు చేసుకోవద్దు.

కాగితాలు, పన్ను

మన రాష్ట్రంలో సంవత్సరానికి 40 లక్షల లోపు సరుకు అమ్మేవారికి జీఎస్టీ రిజిస్ట్రేషను అక్కరలేదు. ఇది విని చాలామంది నిశ్చింతగా ఉంటారు. కాని అది రాష్ట్రం లోపల అమ్మినంతవరకే. కరీంనగర్‌లో ఉన్న మేనమామకు చద్దరు అమ్మితే అది రాష్ట్రం దాటిన అమ్మకం. దానికి రిజిస్ట్రేషను కావాలి, అమ్మకం ఎంత చిన్నదైనా సరే. పెద్ద యాప్‌ల ద్వారా రాష్ట్రం లోపల మాత్రమే అమ్మే చిన్నవారికి 2023 అక్టోబరు 1 నుండి సడలింపు ఉంది. పాన్ కార్డుతో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంటు నంబరు తీసుకుంటే చాలు.

రిజిస్ట్రేషనుకు సర్కారు ఫీజు లేదు. కాని ఒకసారి తీసుకుంటే అమ్మకం లేని కాలానికి కూడా రిటర్ను వేయాలి, లేకపోతే ఆలస్యపు రుసుము పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుండి 2500 రూపాయల వరకు ధర గల చద్దర్లు, తువ్వాలల మీద పన్ను 5 శాతం. రిజిస్ట్రేషను ఉన్నవారి అమ్మకం మీద యాప్ కంపెనీ వందకు అర్ధ రూపాయి జీఎస్టీ కింద పట్టుకుంటుంది. అది మన పేరు మీదే జమ అవుతుంది, రిటర్నులు సరిగా వేస్తేనే చేతికి దక్కుతుంది. ఉద్యం రిజిస్ట్రేషను కూడా ఆధార్‌తో ఉచితంగానే అవుతుంది. దీనికి వేలు అడిగే ఏజెంటును గల్లీ చివరి దాకా సాగనంపండి.

మోసాలు

పాడిన పాటే పాడుతున్నారు మోసగాళ్ళు. "మిలిటరీ క్యాంటీను నుండి మాట్లాడుతున్నాం, రెండు వందల చద్దర్లు కావాలి, డబ్బు పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. ఒక్కటి గుర్తు పెట్టుకోండి. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నదని అర్థం. పోతే సిగ్గుపడి కూర్చోకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. డబ్బు పడిందని ఎదుటివాడు పంపిన బొమ్మను నమ్మవద్దు. మన బ్యాంకు ఖాతాలో చూసుకున్న తరువాతే సరుకు కదలాలి.

ఎంత డబ్బుతో, ఎవరితో?

గ్రాట్యుటీ, ప్రావిడెంట్ ఫండ్ డబ్బు ముప్పై ఏళ్ళు దూది పీల్చి సంపాదించినది. దాన్ని సరుకులో పోయకండి. ఉన్న పని వదిలి దిగకండి. మొదటిసారి ఇరవై చద్దర్లకు మించి తేవద్దు. మనం చెప్పుకున్న ధరకు 8 వేల రూపాయలు అవుతుంది. ఆ ఇరవై అమ్ముడుపోయి, కూలి గీత నిండి, ఇంకా మిగిలితేనే నలభై తేవాలి. అప్పు తప్పనిసరి అయితే బ్యాంకులో ముద్రా పథకం కింద శిశు రుణం 50 వేల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. వారం వారం వసూలుకు గుమ్మంలో కూర్చునే వారి దగ్గరకు పోకండి.

ఒంటరిగా చేస్తే ఫోటో, ఫోను, మూట, లెక్క అన్నీ ఒక్కరి మీదే పడతాయి. పది ఇళ్ళు కలిస్తే పని పంచుకోవచ్చు. మన బచత్ గట్‌లు ఉన్నాయి. ఒక బిడ్డ ఫోటోలు, ఒక అక్క మూటలు, ఒకరు లెక్క. కారఖానాలో పది మంది కలిసి వంద చద్దర్లు అడిగితే ధర దిగుతుంది, రవాణా వారు కూడా రేటు తగ్గిస్తారు. వ్యాపారం పెరగడం అంటే ఒక ఇల్లు పైకి లేచి మిగతా తొమ్మిది ఇళ్ళను కూలికి పెట్టుకోవడం కాకూడదు. లెక్క నెలకొకసారి అందరి ముందు చదవాలి. డబ్బు ఖాతా మీద ఇద్దరి సంతకాలు ఉండాలి.

మన పార్శిలు మోసే కుర్రవాడు కూడా కార్మికుడే. ఎండలో మూడు అంతస్తులు ఎక్కివచ్చిన వాడికి మంచినీళ్ళు ఇవ్వండి.

ఈ వ్యాపారం పగారుకు బదులు కాదు. సాంచా మీద పన్నెండు గంటలు నిలబడేవాడికి చట్ట ప్రకారం రావలసినది వచ్చేదాకా మన పోరాటం అలాగే ఉంటుంది. ఇంట్లో పక్క రాబడి ఉంది కదా అని సేటు పగారు పెంచనంటే, ఆ మాటకు జవాబు గేటు దగ్గరే ఇద్దాం.

వచ్చే ఆదివారం పొద్దున యూనియన్ ఆఫీసులో మళ్ళీ కలుద్దాం. ఇప్పటికే అమ్ముతున్నవారు తమ లెక్క పుస్తకం తీసుకురండి. ఇంకా పుస్తకం పెట్టనివారు కొత్తది ఒకటి కొని తీసుకురండి. మొదటి పేజీలో కూలి గీత అందరం కలిసి గీద్దాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!