ముందు ఓడ, తర్వాత రిసార్టు

2025 జూలైలో కార్డీలియా విహారనౌక విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్లింది. పుదుచ్చేరిలో అంత పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. సముద్రంలోనే లంగరు వేసింది; ప్రయాణికులు చిన్న పడవల్లో ఒడ్డుకు చేరారు. ఆగింది కొన్ని గంటలే.

పుదుచ్చేరి తీరిగ్గా చూడాలంటే చెన్నైలో దిగి, రోడ్డు దారిన దక్షిణానికి రండి. పుదుచ్చేరి దాటాక కడలూరు రోడ్డులో చున్నాంబారు పడవల రేవు, ఆపైన కిరుమాంబాక్కం అనే ఊరు వస్తాయి.

ఓడ దిగాక రిసార్టులో ఉండాలనుకుంటే ఒక తేడా గమనించండి. ఓడ టికెట్లో భోజనం కలిసే ఉంటుంది. రిసార్టుల్లో చాలాచోట్ల ఉదయం టిఫిన్ వరకే. మూడు పూటలూ కలిపారా, పన్నులు వేరా అని ముందే అడగండి. ఓడ ఎక్కే ఊరికి ఒకరోజు ముందే చేరండి. ఓడ ఆలస్యమైతే రిసార్టులో గది మనకోసం ఉంటుంది. మనం ఆలస్యమైతే ఓడ ఆగదు.