కడుపు మీద చారలు రుద్దితే పోతాయా?



మన శ్రీహరికోట నుంచి 1971లో తొలి రాకెట్టు ఎగిరింది. ఇంత శాస్త్రం పక్కనే ఉన్నా, ఒంటి సంగతి వచ్చేసరికి ఎవరో చెప్పిన క్రీమునే నమ్ముతున్నాం. అందుకే ఈరోజు మీరు అడగడానికి సిగ్గుపడే విషయమొకటి మాట్లాడతాను. అదే, కడుపు మీద, తొడల మీద పడే కాన్పు చారలు.

ఈ చారలు జబ్బు కాదు. నెలలు నిండేకొద్దీ చర్మం సాగి, పై పొర కింద దారాల అల్లికలా ఉండే పొర చిట్లుతుంది. గర్భంలో వచ్చే హార్మోన్ల మార్పులూ కారణమే. అమ్మకు ఉంటే కూతురికీ రావచ్చు. చారలు మొదట ఎర్రగానో, ఊదాగానో కనబడి, కొన్ని నెలలకు వెలిసిపోతాయి. పూర్తిగా మాత్రం పోవు.

మరి నలుగు పెట్టి రుద్దితే? అంగడిలో కొన్న స్క్రబ్బు వాడితే? పులికాట్ సరస్సులో వల వేసేవారి ఇళ్లలో ఇది వేరే చెప్పక్కర్లేదు. వల తెగితే, పైన పట్టిన నాచు ఎంత కడిగినా తెగిన దారం అతుక్కోదు కదా! ఇదీ అంతే. పైనున్న చచ్చిన చర్మం పోయి ఒళ్లు నునుపు తేలుతుంది గాని, కింది చీలిక పూడదు. పైగా గట్టిగా రుద్దితే మన చామనచాయ ఒంటికి నల్లమచ్చలు మిగులుతాయి. యాసిడ్ పూతతో పై పొర తీసే చికిత్స ఉన్నది. దానితో చార కొంత మసకబారవచ్చు, అంతే. అది కూడా చర్మవ్యాధుల డాక్టరు చేతనే చేయించుకోవాలి.

ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

1. గర్భిణులు, గర్భం కోరుకునేవారు ట్రెటినాయిన్ వంటి క్రీములు వాడరాదు.

2. డాక్టరు చెప్పకుండా స్టీరాయిడు క్రీము పూయకండి. అది చర్మాన్ని పలచన చేసి కొత్త చారలు తెస్తుంది.

3. సిజేరియన్ కుట్లు బాగా మానేదాకా అక్కడ రుద్దకండి.

4. చివరి నెలల్లో అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెడితే, చారల దురదే అనుకుని ఊరుకోవద్దు. కాలేయంలో తేడా కావచ్చు, బిడ్డకు ముప్పు. వెంటనే ఆసుపత్రికి రండి.

"నెలసరే రాలేదు, గర్భం ఎక్కడిది?" అనుకుని క్రీములు పూసుకునే తల్లులున్నారు. కాన్పు తర్వాత నెలసరి రాకముందే మళ్లీ గర్భం నిలవవచ్చు! కాబట్టి ముందు ఆ సంగతి చూసుకోండి. బిడ్డకూ బిడ్డకూ మూడేళ్ల ఎడం ఉండాలి. కాపర్-టి, ఛాయ మాత్రలు, అంతర ఇంజెక్షను, నిరోధ్ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. మీకేది సరిపడుతుందో నర్సమ్మను అడగండి.

చివరగా భర్తలకు, అత్తలకు ఒక మాట. ఆ చారలను ఎత్తిచూపి ఆమెను చిన్నబుచ్చకండి. క్రీముకు పెట్టే డబ్బుతో ఆ తల్లికి గుడ్డు, పాలు, ఆకుకూర పెట్టండి. తల్లికీ బలం, చంటిబిడ్డకూ బలం.