ఏడుతో గుణిస్తే హారం: 142857143 కథ

కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. క్యాలిక్యులేటర్ వద్దు.

142857143. అంటే పద్నాలుగు కోట్ల ఇరవై ఎనిమిది లక్షల యాభై ఏడు వేల నూట నలభై మూడు. దీన్ని 7తో గుణించండి. 1000000001 వస్తుంది, నూరు కోట్ల ఒకటి. రెండు చివరలా ఒకటి, మధ్యలో ఎనిమిది సున్నాలు. ఎటు నుంచి చదివినా ఒకటే.

ఇది నేను కనిపెట్టింది కాదండీ. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో ఇట్లాంటి లెక్కలకు కంఠాభరణం, అంటే మెడలో హారం అని పేరు పెట్టాడు. ఆయన పొగిడిన రాజు రాష్ట్రకూట అమోఘవర్షుడు. ఆ రాజధాని మాన్యఖేటం ఇప్పటి కలబురగి జిల్లా మళఖేడ. మనకు ఉత్తరంగా పైకి పోతే వచ్చే సీమే. తర్వాత పావులూరి మల్లన ఆ గ్రంథాన్నే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

ఇట్లాంటి సంఖ్య కనపడితే వాట్సాప్‌లో "దైవ సంఖ్య" అని తిప్పుతారు. నాకది నచ్చదు. మహిమ అనేస్తే పిల్లోడు "ఎందుకు సార్?" అని అడగడం మానేస్తాడు. కారణం చూద్దాం.

7×11×13 ఎంత? 1001. అంటే వెయ్యి, ఆ 1001కి ఒకటి తక్కువ. పది లక్షలు, 1001 గుణిజానికి ఒకటి ఎక్కువ. నూరు కోట్లు మళ్లీ ఒకటి తక్కువ. అందుకే సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడగొట్టి, ఒకదాన్ని కూడి, పక్కదాన్ని తీసేస్తూ పోతే చాలు. (మన లక్షల కామాలు ఇక్కడ పనికిరావు, మూడేసే పెట్టాలి.) వచ్చినదాన్ని 7 భాగిస్తే మొత్తం సంఖ్యనూ భాగిస్తుంది. 11కూ, 13కూ అంతే.

హారాన్ని పరీక్షిద్దాం. 001 లోంచి 000 తీసి, 000 కలిపి, 1 తీస్తే సున్నా. మూడూ భాగిస్తాయి. ఇప్పుడు మన 142857143. 143 లోంచి 857 తీసి, 142 కలిపితే మైనస్ 572. 572 అంటే 11×13×4. కాబట్టి 11, 13 ఉన్నాయి, 7 లేదు. ఉన్న ఒక్క 7నూ మనం బయటికి తీశాం కదా! పూర్తిగా విప్పితే 11×13×19×52579.

ఇంకో ముచ్చట. 1ని 7తో భాగించండి, 0.142857142857... అని తిరుగుతూనే ఉంటుంది. మన సంఖ్య మొదట్లో ఉన్నదీ అదే 142857. నూరు కోట్లను 7 పంచలేక ఒకటి తక్కువైతే, ఆ ఒకటి కలిపాం, అంతే.

ఇదంతా ఎందుకంటే, మన పడమటి పల్లెల నుంచి మిరపకాయ కోతలకు గుంటూరు వైపు వలసపోయే కుటుంబాలతో పిల్లోళ్లూ పోతారు. తిరిగొచ్చేసరికి క్లాసులో భాగహారాలు దాటిపోయి ఉంటాయి. 2, 3, 5, 9కి సూత్రం ఎవరో ఒకరు చెప్తారు, 7 దగ్గర చాలామంది దాటేస్తారు. ఈ పద్ధతికి పుస్తకం అక్కర్లేదు. కూడిక, తీసివేత వస్తే చాలు, చేను గట్టున కూచోనైనా నేర్పొచ్చు.

మీకొక పని. 12345679ని 9తో గుణించండి. ఏ హారం వచ్చిందో, ఎందుకు వచ్చిందో రెండూ కామెంట్లో రాయండి. జవాబు ఒక్కటే రాస్తే సగం మార్కులే.