మధ్యలో చెయ్యి పెట్టకండి

చిత్త కార్తె వచ్చిందంటే కుక్కల గుంపుల జోలికి పోవద్దని ఊళ్లలో పెద్దవాళ్లు పిల్లల్ని హెచ్చరించేవారు. వానలు వెనకబట్టే ఈ రోజులు కుక్కలు జతకట్టే కాలం. గుంపులు చేరతాయి, వాటిలో అవి కొట్లాడుకుంటాయి, తమ వీధిలోకి కొత్త కుక్క వస్తే ఓర్చుకోవు. ఆ హెచ్చరిక ఇవాళ హైదరాబాద్‌లో మాదాపూర్‌కీ, కొండాపూర్‌కీ, నానక్‌రామ్‌గూడకీ ఎక్కువ అవసరం. అక్కడ రోడ్డుకు ఒక పక్క గేటెడ్ కమ్యూనిటీల్లో పట్టీ కట్టుకుని నడిచే కుక్కలు. ఇంకో పక్క టిఫిన్ బళ్ల దగ్గరా, తిన్న బిర్యానీ పొట్లాలు పారేసే చోటా పెరిగిన కుక్కలు. పొద్దునా రాత్రీ ఇవి రెండూ ఎదురుపడుతూనే ఉంటాయి.

ఈ నెల శ్రోతల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ సంగతి మీదే. గచ్చిబౌలి నుంచి ఒక తల్లి ఇలా అడిగారు: వీధికుక్కలు మా కుక్క మీద పడితే మా అబ్బాయి విడిపించబోయాడు, చేతికి పన్ను దిగింది, కరిచింది మా కుక్కే గనక భయం లేదంటున్నాడు, నిజమేనా అని.

నిజం కాదమ్మా. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. "మా కుక్క నన్ను కరవదు" అన్న నమ్మకంతో చెయ్యి పెడతారు. కరిచాక "మా కుక్కే కదా" అని ఊరుకుంటారు. ఈ రెండు మాటలూ వినీ వినీ నాకు నిజంగా బాధ కలుగుతోంది.

కుక్కల కొట్లాటలో దిగిన కుక్కకు ఆ నిమిషాన యజమాని కనబడడు. మెడ దగ్గర ఏది తగిలినా వెనక్కి తిరిగి పట్టేస్తుంది. అది మీ చెయ్యని తెలిసి కరవదు, తెలియకే కరుస్తుంది. దాని ప్రేమలో లోటేమీ లేదు. రోజూ మీ పక్కన పడుకునే కుక్కే, మీ చేతి ముద్ద తినే కుక్కే మీ వేలు ఎముక దాకా కొరకగలదు. ఇలాంటి గాయాలతో మా క్లినిక్‌కి వచ్చేవాళ్లలో చాలామందికి సొంత కుక్క పన్నే దిగి ఉంటుంది. వీధికుక్క పన్ను కూడా దిగిందేమో వాళ్లకు గుర్తుండదు. ఆ గొడవలో ఎవరి నోరు ఎక్కడ తగిలిందో ఎవరు చూడగలరు?

వేసవిలో ఒక జంట మా క్లినిక్‌కి వచ్చారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఉండేది మసీద్‌బండ వైపు. అమెరికా వాళ్లతో మీటింగు ముగిసేసరికి రాత్రి పదకొండు దాటింది. ఆ అబ్బాయి తన లాబ్రడార్‌ని బయటికి తీసుకెళ్లాడు. చెత్త డబ్బా మలుపు దగ్గర నాలుగైదు వీధికుక్కలు దాని మీద పడ్డాయి. పట్టీని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని ఉన్నాడు. కుక్క గుంజగానే బోర్లా పడ్డాడు. పడినవాడు లేచి వెనక్కి రావాలి కదా? లేదు, కాలర్ పట్టుకుని లాగాడు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కర్ర తీసుకుని పరుగెత్తుకొచ్చి అదిలిస్తే అవి చెదిరిపోయాయి. ఇదంతా ఆదివారం రాత్రి జరిగింది. నా దగ్గరికి వచ్చింది బుధవారం. అప్పటికి చూపుడు వేలు వాచిపోయి మడత పడటం లేదు.

గాయం మీద నల్లగా అట్టకట్టి ఉంటే ఏమిటని అడిగాను. తణుకు నుంచి వచ్చిన వాళ్లమ్మగారు కాఫీపొడి, పసుపు కలిపి అద్దారట. ఆవిడా పక్కనే కూర్చున్నారు. "రక్తం ఆగాలని పెట్టాను తల్లీ" అన్నారు. పెద్దావిడ, కొడుకు మీద ప్రేమతో చేసిన పని. ఆవిడని ఏమీ అనలేదు. కొడుకుని మాత్రం అన్నాను. రేబీస్ సూది వేయించుకున్నావా అంటే ఫోన్ తీసి కుక్క టీకాల పుస్తకం ఫోటో చూపించాడు. అన్నీ వేళకు వేయించాడు, ముచ్చటేసింది. "మా కుక్క పన్నే మేడమ్, వీధికుక్కలు నన్ను ముట్టుకోలేదు" అన్నాడు.

నీ కుక్కను అవి కరిచాయా? కరిచాయి. వాటి చొంగ నీ కుక్క మెడ మీద, బొచ్చు మీద ఉందా? ఉంటుంది. నీ చేతికి గాయం ఉందా? ఉంది. ఆ గాయపు చేత్తోనే మెడ పట్టుకుని లాగావా? అప్పుడు కుర్రాడి ముఖం మారింది. తర్వాత కుక్కను ఎవరు కడిగారని అడిగాను. ఆ అమ్మాయి తన రెండు చేతులూ చూపించింది. గిన్నెల సబ్బుకు వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉంది. చేతికి తొడుగు లేకుండా, ఆ పగిలిన వేళ్లతోనే కుక్క గాయాలు కడిగి మందు రాసింది. దాంతో ఆమెకూ టీకా మొదలుపెట్టాను.

ఇంకొక మనిషి సంగతి ఎవరికీ తట్టలేదు, వాచ్‌మన్. అతన్ని పిలిపించాను. వనపర్తి మనిషి, వచ్చి మొహమాటంగా నిలబడ్డాడు. "ఏం గాలే మేడమ్, గీరుకుపోయిందంతే" అన్నాడు. ప్యాంటు పైకి లాగితే పిక్క మీద మూడు గీతలు, రక్తం ఎండి ఉంది. ఆ ముగ్గురిలో వీధికుక్క నేరుగా గాయం చేసింది అతనికే. ఆ ఇంట్లో కుక్కకు పశువైద్యుడి దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నారు, ఈయన్ని మాత్రం ఎవరూ అడగలేదు. కథ పొడుగైంది, మన్నించండి. ఈ అలవాటు చాలా ఇళ్లలో చూస్తున్నాను కాబట్టి చెప్పకుండా ఉండలేకపోయాను.

రేబీస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని కాపాడే మందు ఇప్పటికీ లేదు. ఏటా ప్రపంచంలో దాదాపు 59 వేల మంది ఈ జబ్బుతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనుషులకు సోకే రేబీస్‌లో నూటికి 99 కేసులు కుక్కల వల్లే. లక్షణాలు రాకముందే టీకా పడితే మాత్రం దీన్ని దాదాపు పూర్తిగా అడ్డుకోవచ్చు. 1885లో పాశ్చర్ తొలి టీకా వేసిన నాటి నుంచి దారి తెరిచే ఉంది. ఇవాళ రేబీస్ టీకాలు తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కర్మాగారం గచ్చిబౌలిలోనే ఉంది. టీకా ఇంత దగ్గరలో పెట్టుకుని, మా కుక్కే కదా అని ఎవరైనా ఆగిపోతే నేను ఒప్పుకోను.

కుక్కకు టీకా వేయించి ఉంటే ప్రమాదం బాగా తగ్గుతుంది, కాదనను. కానీ ప్రతి టీకా ప్రతి కుక్కలోనూ ఒకేలా పనిచేస్తుందన్న హామీ లేదు. అందుకే మన దేశంలో పద్ధతి ఏమిటంటే ముందు మనిషికి సూది మొదలుపెట్టాలి, కుక్కను పది రోజులు కనిపెట్టి ఉండాలి. పది రోజులూ అది కులాసాగా ఉంటే మిగతా మోతాదులు మానవచ్చో లేదో డాక్టరు చెబుతారు. కుక్కను చూశాక సూది వేయించుకుందాం అని తలకిందులుగా చేయకండి.

ఇక కొట్లాట మొదలైన ఆ అర నిమిషం గురించి. మొదటి మాట, చేతులు మధ్యలో పెట్టకండి. కాలర్ పట్టుకోకండి, నోరు విడదీయబోకండి. చిన్న కుక్కను ఎత్తి గుండెకు హత్తుకుంటే పైకి ఎగిరే కుక్కకు మీ మెడ, ముఖం అందుతాయి. మీ చేతికీ వాటికీ నడుమ ఏదో ఒక వస్తువు ఉండాలి. గొడుగు, బ్యాగు, చెత్తబుట్ట మూత, ఏది దొరికితే అది అడ్డం పెట్టండి. నీళ్ల సీసా ఉంటే ముఖాల మీద చిమ్మండి. కర్రతో నేల మీద గట్టిగా కొట్టండి, గొంతెత్తి నలుగురినీ పిలవండి. ఆగి ఉన్న కారు వెనక్కో గేటు లోపలికో మీరు ముందు చేరండి. పట్టీని ఎన్నడూ మణికట్టుకు చుట్టుకోవద్దు, అవసరమైతే వదిలేయగలిగేలా పట్టుకోండి. కింద పడితే ముడుచుకుపోయి మెడనూ చెవులనూ చేతులతో కప్పుకోండి.

వదిలేయమంటే చాలామంది నా మీద కోపగించుకుంటారు. బిడ్డలా పెంచుకున్న దాన్ని ఎలా వదిలేస్తామంటారు. అర్థమవుతుంది. 2021లో కాలిఫోర్నియాలో ఒక పదిహేడేళ్ల అమ్మాయి తన కుక్కల కోసం ఎలుగుబంటిని గోడ మీద నుంచి తోసేసిన వీడియో, 2016లో ఆస్ట్రేలియాలో కుక్క మెడ పట్టిన కంగారూను ఒకాయన గుద్దిన వీడియో మన ఫోన్లన్నిటికీ వచ్చాయి. ఆ అమ్మాయే తర్వాత తనలా ఎవరూ చేయవద్దని చెప్పింది. ఆ మాట అందరి ఫోన్లకూ చేరలేదు. మణికొండ చిత్రపురి కాలనీలో 2024 జూన్‌లో, పొద్దున్నే నడకకు వెళ్లిన ఒక మహిళను పదిహేను దాకా కుక్కలు చుట్టుముట్టిన దృశ్యాలు చూశారు కదా. ఆమె వెంట కుక్క కూడా లేదు. గుంపు అనేది అలా ఉంటుంది. అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో నాలుగేళ్ల పసివాడి ప్రాణం పోయింది కూడా గుంపు చేతిలోనే. కాబట్టి పిల్లల్ని తోడిచ్చి కుక్కను బయటికి పంపకండి. ఇంత చిన్నవాళ్లు పట్టీ పట్టుకోకూడదు.

కొండల పక్కన ఉండేవాళ్లకు ఇంకో మాట. 2025 జులైలో మంచిరేవుల దగ్గర చిరుత తిరిగింది, అటవీ శాఖ బోను పెట్టి పట్టింది. అంతకు ముందు ఏప్రిల్‌లో పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఒకటి చిక్కింది. చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. మహారాష్ట్రలో అకోలె ప్రాంతంలో చేసిన అధ్యయనంలో చిరుత తినే దానిలో బరువు లెక్కన 39 శాతం కుక్కలే అని తేలింది. రాత్రి కుక్కను ఇంటి లోపల పడుకోబెట్టండి. చిరుత పట్టుకుపోతే వెంటపడకండి, టార్చిలైటుతో పొదల్లోకి దిగకండి.

గాయమైతే ఏం చేయాలి? కుళాయి కింద సబ్బు పెట్టి పదిహేను నిమిషాలు కడగండి. గడియారం చూసి మరీ కడగండి, చాలామంది ఒక్క నిమిషానికే ఆపేస్తారు. తర్వాత అయోడిన్ మందు అద్దండి. పసుపు, కాఫీపొడి, సున్నం, కారం ఏదీ వద్దు. గట్టిగా కట్టు కట్టకండి. కుట్లు వెంటనే వేయమని పట్టుబట్టకండి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ వేయాలి, అది మరచిపోకుండా అడగండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదటి రోజును సున్నాగా లెక్కేసి 3, 7, 28 రోజుల్లో భుజం చర్మంలోకి వేస్తారు, డబ్బు తీసుకోరు. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో ఈ సూదులు ఎంతో కాలంగా వేస్తున్నారు. ధనుర్వాతం టీకా సంగతి కూడా చూసుకోండి. చేతి గాయం వాచినా, నొప్పి పెరిగినా ఒక్క పూట ఆగకండి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

ఇంట్లో కుక్కను పెంచేవాళ్లు ముందుగానే మూడు మోతాదుల టీకా వేయించుకోవచ్చు. అప్పుడు ఎప్పుడైనా కరిస్తే రెండు సూదులతో సరిపోతుంది, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. కొండాపూర్‌లో 2018 నుంచి జీహెచ్‌ఎంసీ డాగ్ పార్క్ ఉంది. అక్కడికి కుక్కల్ని తీసుకొచ్చేవాళ్లను అడుగుతుంటాను. కుక్కకు వేయించామంటారు, తమకు వేయించుకున్నామన్నవాళ్లు అరుదు.

చివరగా తెల్లాపూర్ నుంచి వచ్చిన ఉత్తరం. మూడు వారాల కిందట ఇంటికి తెచ్చుకున్న కుక్కపిల్లను వీధికుక్క నోట కరుచుకుంది. ఆరేళ్ల పాప లాక్కోబోతే కుక్కపిల్ల పంటిగాట్లు పాప చేతి మీద పడ్డాయి. పాలపళ్ల కుక్కపిల్ల, ఇంట్లోదే, పైగా పది రోజులైంది, ఇక పాపకు సూది అవసరం లేదు కదా అని అడిగారు. అవసరం ఉందండీ. ఇంత చిన్న కుక్కపిల్లకు ఇంకా టీకా పడి ఉండదు, దానికీ రేబీస్ రావచ్చు. దాన్ని కరిచిన కుక్క ఏదో మీకు తెలియదు, ఆ కుక్క చొంగ పాప గాయానికి అంటి ఉండవచ్చు. ఈ జబ్బు బయటపడటానికి నెల నుంచి మూడు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. కాబట్టి పది రోజులు ఆలస్యమైనా సూదికి వేళ మించిపోలేదు. పాపను ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కుక్కపిల్ల గాయాల్ని తొడుగులు వేసుకుని కడగండి, దాన్ని పశువైద్యుడికి చూపించండి. మీ ఇంట్లో దాన్ని ఎత్తుకున్న ప్రతివాళ్ల చేతులూ డాక్టరుకు చూపించండి. పని చేయడానికి వచ్చే అమ్మాయి కూడా ఎత్తుకుందేమో కనుక్కుని, ఆమెనూ వెంట తీసుకెళ్లండి.