మోకాలి శస్త్రచికిత్స పిమ్మట నొప్పి

మోకాలిలోపల తొడయెముకను, కాలియెముకను ఏటవాలుగా పట్టియుంచు త్రాటివంటి కట్టు ఒకటి కలదు. వైద్యులు దానిని ముందరి క్రూసియేట్ లిగమెంటు అందురు. కబడ్డీలో పాదము నేలను పట్టియుండగా దేహము గిఱ్ఱున తిరిగినచో తెగునది తరచుగా ఇదియే. తెగినదానిని కుట్టుట సాధారణముగా ఫలింపదు గనుక, రోగి తొడవెనుక టెండనునో, మోకాలిచిప్ప క్రింది టెండనునో కొంత తీసి, ఎముకలలో సొరంగములు తొలిచి, అందు బిగింతురు. పైకి కనిపించు గాట్లు చిన్నవి. చూడవచ్చిన బంధువులు అందుచేతనే భ్రమపడుదురు. లోపలి నొప్పి చిన్నది కాదు.

నొప్పికి తొడకండరము పట్టుతప్పును, కాలు వంగియే యుండును. అట్లే వారములు గడిచినచో మోకాలు పూర్తిగా చాచుట కష్టమగును. కావున నొప్పిని ఓర్చుకొనుటయే పౌరుషమనుట మాకు సమ్మతము కాదు.

శస్త్రచికిత్స ముగియునప్పుడు బుపివకెయిన్ వంటి తిమ్మిరిమందును కీలులోనికి, గాట్ల చుట్టును ఎక్కించుట కలదు. దాని ఫలము కొన్ని గంటలే. 1991లో క్రిస్టోఫ్ స్టైన్, ఆయన సహచరులు కీలులో స్వల్పముగా మార్ఫిన్ ఎక్కించిన నొప్పి తగ్గునని ప్రకటించిరి. ఇంపైన మాటయే గాని, తరువాతి పరిశోధనలన్నియు దానిని బలపరుపలేదు.

ఒక్క సూది చాలదని, కీలులో సన్నని గొట్టముంచి పంపుద్వారా దినముల తరబడి తిమ్మిరిమందు పంపు పద్ధతియు వచ్చినది. అట్లు చేసిన కొందరికి కీలులోని మృదులాస్థి నశించెను. వారిలో అధికులకు చెడినది భుజమే. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2009లో దీనిపై హెచ్చరిక చేసెను. నశించిన మృదులాస్థి మునుపటివలె తిరిగి పెరుగదు. రెండు దినముల హాయికి ఇది మిక్కిలి హెచ్చు వెల.

సూదిమందు పొందినవారు సాయంకాలము నవ్వుచు మాటలాడి, అర్ధరాత్రి బాధతో మేల్కొందురు. మందు దిగిపోవకమునుపే, వైద్యుడు వ్రాసిన మాత్రలు వేళకు మ్రింగవలెను. మంచును నేరుగా చర్మముపై పెట్టక, గుడ్డలో చుట్టి పదిహేను, ఇరువది నిమిషములు ఉంచవలెను. దిండు మడమక్రిందనే గాని మోకాలిక్రింద వలదు. ఇంటివారు ప్రేమతో చేయు పొరపాటు ఇదియే.

దినదినమునకు తగ్గవలసిన నొప్పి పెరిగినను, జ్వరము వచ్చినను, పిక్క వాచి గట్టిపడినను మరియొక సూదికై అడుగక, ఆనాడే శస్త్రవైద్యునికి చూపవలెను. ఊపిరి ఆడనిచో తెల్లవారువరకు ఆగరాదు. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.