జంకు తీర్చిన దర్శకులు



మద్రాసులో విజయా సంస్థ నిర్మించి 1957లో విడుదల చేసిన ‘మాయాబజార్’లో శ్రీకృష్ణ పాత్ర ధరించుటకు నందమూరి తారక రామారావు గారు మొదట జంకినారు. అంతకు ముందటి ఏడు ‘సొంత ఊరు’లో ఆయన కృష్ణవేషమును ప్రేక్షకులు మెచ్చలేదు మరి! దర్శకులు కె.వి. రెడ్డి గారు నచ్చజెప్పి ఒప్పించినారు. మాటతో సరిపుచ్చలేదు, వేషధారణ, అంగవిన్యాసముల విషయమున ప్రత్యేక శ్రద్ధ తీసుకొనబడినది. నమ్మకము కుదిరెడి చోటు ఇదియే. ఒకమారు భంగపడిన కళాకారునికి “భయపడవద్దు” అన్న పలుకు చాలదు, వెనుక నిలుచువారు కంటికి కనబడవలెను.

పాఠశాల నాటకములో మాట మరచి నవ్వులపాలైన బాలునికైనను అంతే. గద్దించి వేదిక నెక్కించుట సులువు. తడబడిన చోట పక్కన కూర్చుండి సరిదిద్దుట ఓపికతో కూడిన పని.

రామారావు గారు ఆ పిమ్మట ఎన్నో చిత్రములలో కృష్ణుడైనారు.