కొనేవారి చిట్టా మన చేతిలో ఉండాలి
(మామిడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)

బంగినపల్లి పండించేది మనం, ధర చెప్పేది దళారి. ఆ కాయ ఎవరికి అమ్మాలో ఆయనకు తెలుసు, మనకు తెలియదు. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు వచ్చినంత మాత్రాన కొనేవాళ్లు మన గడపకు రారు.

అందుకే ఈ సీజన్ నుంచే ఒక చిట్టా మొదలుపెడదాం. మన దగ్గర నేరుగా కొన్నవారిని అడిగి పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్, ఎన్ని పెట్టెలు కొన్నారో రాసుకుందాం. డబ్బిచ్చి జాబితాలు కొనొద్దు. అడగనివారికి పంపితే స్పామ్ అని నొక్కుతారు. అలాంటివారు పెరిగితే అడిగినవారికి కూడా మన ఈమెయిల్ సరిగా చేరదు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికే చోటు. అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవారికే అందుతుంది. కాబట్టి ఈమెయిల్ కూడా కావాలి.

రోజూ పంపి విసిగించొద్దు. పూత వచ్చినప్పుడొకటి, కోత తేదీ, ధర చెబుతూ ఒకటి చాలు. వడగళ్లకు కాయ దెబ్బతింటే దాచకుండా రాద్దాం. వద్దన్నవారి పేరు ఆరోజే కొట్టేద్దాం.

దీంతో గిట్టుబాటు ధర పోరాటం ఆగదు. కానీ పది పెట్టెలకైనా మన ధర మనం చెప్పగలిగితే, యార్డులో మిగతా కాయకు గట్టిగా బేరమాడే ధైర్యం వస్తుంది.